తాడు కట్టని పడవ

నాన్న పోయిన మర్నాడు మధ్యాహ్నం నేను పెరట్లో కూర్చుని ఆయన పడవ ఇంజను పంకా విప్పుతున్నాను. నీళ్లలో తిరిగే ఆ మూడు రెక్కల పంకా బాగుండకపోతే ఇంజను ఎంత మోగినా పడవ ముందుకు పోదు. నట్టుకు అడ్డంగా ఉన్న పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పటకారుతో లాగి లాగి తీశాను. పంకా చేతిలోకి వచ్చింది. అల్యూమినియం కనుక పెద్ద బరువేమీ లేదు.

ముందుగదిలో దేవుడి పటాల కింద నాన్నను బల్లమీద పడుకోబెట్టారు. పొద్దున ఊరి పెద్దమగవాళ్లు వచ్చి స్నానం చేయించి, తెల్ల చొక్కా తొడిగి, నడుముకు అమ్మ నేసిన పట్టీ కట్టి వెళ్లారు. మాలో పోయినవాళ్లను ఇంటివాళ్లు కడగరు. ఆ సేపంతా అమ్మా నేనూ వంటింట్లో కూర్చున్నాం. ఇప్పుడు మేనత్త ఉస్తీనియా నాన్న తలదగ్గర నిలబడి కీర్తనలు చదువుతోంది. కిటికీ తెరిచి ఉంది. ఆమె గొంతు పెరగకుండా తగ్గకుండా పెరట్లోకి వస్తోంది. నాకు ఏడుపు రాలేదు. రావాలని ఎదురుచూడటమూ లేదు. చేతులు చల్లగా ఉన్నాయి, అంతే.

జరిగింది ఇది. నాన్న తెల్లవారుజామున వలలు చూసుకోవడానికి బయల్దేరాడు. కాలువ మలుపు దగ్గర గుండె ఆగింది. ఆయన ఆగినా ఇంజను ఆగలేదు. పడవ తనంతట తాను పోయి, గట్టు కోసుకుపోకుండా పేర్చిన రాళ్లలోకి దూరింది. పెట్రోలు అయిపోయేదాకా పంకా ఆ రాళ్లమీదే తిరిగింది. పక్కింటి కొంద్రాత్ బాబాయ్ అటువైపు వెళ్తూ చూశాడు. పడవకు తాడు కట్టి, తన పడవ వెనక లాక్కుంటూ ఇంటికి తెచ్చాడు. గట్టుమీద బట్టలుతుకుతున్న ఆడవాళ్లు, వలలు ఆరేస్తున్న మగవాళ్లు అందరూ చూశారు. మా నాన్న తెరెంతి పడవను ఇంకొకడు లాక్కురావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదట.

నేను తుల్చా పట్నంలో బడిపంతులుని. కబురందాక సాయంత్రం పడవకు వచ్చాను. అమ్మ నా ముఖం చూసి చెప్పిన మాట ఒక్కటే.

"తాడు కట్టి తెచ్చారురా. మళ్లీ తాడు కట్టి తీసుకుపోనివ్వను. తన పడవలో, తన ఇంజనుతో పోతాడు."

మా లంకలో సమాధులు లేవు. రెండు పారలు తవ్వితే నీళ్లు ఊరతాయి. చర్చీ, సమాధుల మెరకా రెండూ దునాయ్ నది ఎగువన పెద్ద ఊళ్లో ఉన్నాయి. శవపేటిక పెట్టుకుని, ప్రవాహానికి ఎదురు, తెడ్లు వేసుకుంటూ పోవడం అయ్యే పని కాదు. రేపు పొద్దున పాదిరిగారు అక్కడ ఎదురుచూస్తారు. తుల్చాకు వెళ్లి కొత్త పంకా కొనడానికి రేపు మధ్యాహ్నం దాకా పడవ లేదు. నాన్నది పాత చిన్న ఇంజను. మా ఊళ్లో ఆ ఇరుసుకు సరిపోయే పంకా ఇంకెవరి దగ్గరా లేదు. కనుక దీన్నే బాగుచేయాలి. అమ్మ అడిగింది ఇదొక్కటే. నేను చేయగలిగింది కూడా ఇదొక్కటే.

పంకాను బెంచీమీద పెట్టి చూశాను. ఒక రెక్క కుక్కచెవిలా వెనక్కి మడతపడింది. ఇంకోదాని కొస విరిగి ఎటో పోయింది, అంచంతా రంపపు పళ్లలా తయారైంది. మూడోది పైన గీతలు తప్ప బాగానే ఉంది.

కొంద్రాత్ బాబాయ్ మెట్లు దిగి వచ్చాడు. మెరకమీద రెల్లు కోసేవాళ్ల దగ్గర పలకలు తెచ్చి, మా వసారాలో పెట్టెకు మూత చేస్తున్నాడు. గడ్డంలో చెక్కపొట్టు ఉంది.

"ఏం మాస్టారూ, పరీక్ష పేపర్లు దిద్దుతున్నారా?"

"ఫెయిలయింది బాబాయ్. మళ్లీ రాయించాలి."

వంగి చూశాడు. "ఇది పాసవదురా. నా మాట విను. నా పడవ ఉంది, కొత్త ఇంజను. మీ నాన్నను దాంట్లో ఎక్కించుకుంటే అరగంటలో చర్చి. వాడి పడవ పక్కనే ఖాళీగా వస్తుంది. ఎవరేమంటారు?"

"అమ్మ అంటుంది."

"అంటుంది," అని ఒప్పుకున్నాడు. కాసేపు గడ్డం గీరుకున్నాడు. "నిన్న నాకు ఇంకో దారి తోచలేదు. వాణ్ణి ఎత్తి నా పడవలో వేసుకుందామంటే ఒక్కణ్ణి, లేపలేకపోయాను. అందుకే తాడు కట్టాను. మీ అమ్మకు చెప్పు."

"అమ్మకు తెలుసు బాబాయ్. నీమీద కోపం లేదు."

"కోపమున్నా బాగుండేది," అన్నాడు.

నేను పని మొదలుపెట్టాను. ముందుగా బాగున్న రెక్క వంపు పట్టుకోవాలి. విల్లో చెట్టు దుంగముక్క ఒకటి తీసుకుని, ఉలితో చెక్కుతూ, ఆ రెక్క వీపు దానిమీద సరిగ్గా ఆనేదాకా తొలిచాను. అదే అచ్చు. వంగిన రెక్కను ఆ అచ్చుమీద పెట్టి కొయ్య సుత్తితో కొడితే అదే వంపులోకి వస్తుంది. కానీ చల్లగా ఉన్నప్పుడు కొట్టకూడదు. పోత అల్యూమినియం చల్లగా కొడితే బిస్కట్టులా విరుగుతుంది. వేడిచేయాలి. ఎంత వేడి అన్నదే చిక్కు. ఇనుములా ఇది ఎర్రబడి చెప్పదు. చూస్తుండగా ఏ మార్పూ లేకుండా ఉండి ఉండి ఒక్కసారి కరిగి కిందపడుతుంది. అందుకని రెక్కమీద సబ్బుతో గీత గీసి మంట చూపిస్తారు. ఆ గీత గోధుమరంగు దాటి నల్లబడిన క్షణాన మంట తీసేయాలి. లోహం అప్పుడు మెత్తబడి ఉంటుంది. ఇది నాన్న చేస్తుండగా చాలాసార్లు చూశాను. నేను మంట చిమ్మే బ్లోల్యాంపు పట్టుకునేవాణ్ణి. ఆయన గీతను చూసేవాడు.

వంటింట్లోకి వెళ్లాను. అమ్మ పొయ్యి పక్కన కూర్చుని రేపటి చేపల పులుసుకు ఉల్లిపాయలు తరుగుతోంది. గిన్నె నిండి పక్కకు కూడా రాలుతున్నాయి. ఆమె తరుగుతూనే ఉంది.

"అమ్మా, సబ్బు ముక్క కావాలి. పంకాకి."

అమ్మ లేచింది. కిటికీ గట్టుమీద సాసరులో ఉన్న ముక్క తీసి నా చేతిలో పెట్టింది. మళ్లీ కూర్చుంది. నా వైపు చూడలేదు. నేనూ సబ్బు వైపు చూడలేదు. ఇంట్లో కాచిన సబ్బే. పసుపుపచ్చగా, కొవ్వు వాసనతో.

"తిన్నావా?" అని అడిగింది.

"తిన్నాను."

తినలేదు. ఆమె కూడా జవాబు కోసం అడగలేదు.

బ్లోల్యాంపు నాన్న పడవకు తారు వేసేటప్పుడు వాడేది. కిరసనాయిలు పోసి, పంపు కొట్టి వెలిగించాను. పంకా నడిమి బొడ్డును బెంచీకున్న వైస్ పట్టులో బిగించాను. వంగిన రెక్క మొదట్లోంచి కొసదాకా సబ్బు గీతలు గీశాను. కొంద్రాత్ బాబాయ్ మూత పని ఆపి వచ్చి పక్కన నిలబడ్డాడు. సబ్బు వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. నేను పట్టించుకోలేదు.

"ల్యాంపు పట్టుకోనా?" అన్నాడు.

"పట్టుకో. దగ్గరగా వద్దు. ఒకచోట ఆపకు, ఊపుతూ ఉండు."

"మంట ఊపడం నాకు నువ్వు నేర్పాలా? నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న తాగి మా చావిడి తగలబెట్టబోతే ఆర్పింది నేను."

"మంట ఊపిందీ నువ్వే అని నాన్న చెప్పేవాడు."

బాబాయ్ నవ్వాడు. ముందుగదిలోంచి మేనత్త గొంతు ఒక్కక్షణం ఆగింది. నవ్వు వినబడిందేమో. మళ్లీ మొదలైంది.

గీత పాలరంగులోంచి టీరంగుకు వచ్చింది. తర్వాత గోధుమ. తర్వాత అంచుల్లో నలుపు. "తీసెయ్," అన్నాను. రెక్కను అచ్చుమీద ఆనించి కొయ్య సుత్తితో కొట్టాను. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. మొదట్లోంచి కొసవైపు. మడత కొంచెం విచ్చుకుంది. కాసేపటికి సుత్తి దెబ్బ మోత మారింది. మెత్తటి చప్పుడు పోయి గట్టి చప్పుడు వచ్చింది. లోహం మళ్లీ బిగుసుకుంటోందన్నమాట. ఆగి, మళ్లీ సబ్బు రాసి, మళ్లీ మంట పెట్టాం. ఇలా చాలాసార్లు. ఈ పనిలో తొందరపడటానికి ఏమీ లేదు. గీత నల్లబడేదాకా చూడటం, కొట్టడం, ఆగడం. నిన్నటినుంచి ఏం చేయాలో తెలిసిన సమయం నాకు ఇదొక్కటే.

రెక్క అచ్చులో కూర్చున్నాక రెండోదాన్ని పట్టుకున్నాను. విరిగిపోయిన కొసను ఇంట్లో అతికించడం కుదరదు. పళ్లు పళ్లుగా ఉన్న అంచును ఆకురాయితో రాశాను. అల్యూమినియం పొడి ఆకురాయి సందుల్లో ఇరుక్కుంటే అది కోయకుండా జారిపోతుంది. నా కోటు జేబులో సుద్దముక్క ఉంది. దాన్ని ఆకురాయికి రుద్దాను. పొడి ఇక అంటుకోలేదు.

"చదువు ఇన్నాళ్లకు పనికొచ్చింది," అన్నాడు బాబాయ్. "తుల్చా అంతా తిరిగి ఒక సుద్దముక్క సంపాదించుకొచ్చావు."

"జీతం కూడా ఇస్తారు బాబాయ్."

"సుద్దకు జీతం. ఆ ముక్క మీ నాన్నతో అంటే..." అని ఆగిపోయాడు. వసారాలోకి వెళ్లి మూతకు మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

మిగిలింది తూకం. ఒక రెక్క కొస తగ్గింది కనుక తక్కిన రెండింటినీ అంత మేర తగ్గించాలి. లేకపోతే పంకా తిరిగేటప్పుడు ఇంజను అదిరి, ఇరుసు పట్టుకుపోతుంది. నిన్నంతా రాళ్లమీద తిరిగినా ఏమీ కాని ఆ మూడో రెక్క కొసను కూడా నేను కోయాల్సి వచ్చింది. బాగున్నదాన్ని కోయడం తప్పనిపిస్తుంది. కోశాను. బొడ్డులో ఊచ దూర్చి, రెండు ఊరగాయ జాడీలమీద ఆనించి వదిలాను. బరువున్న రెక్క కిందికి తిరిగి ఆగింది. దాన్ని వీపువైపు రాశాను. మళ్లీ వదిలాను. ఇంకో రెక్క కిందికి వచ్చింది. దాన్నీ రాశాను. చివరికి ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది, ఏ వైపూ వాలకుండా.

పొద్దు వాలుతోంది. రెక్కలమీద మిగిలిన నల్లటి సబ్బు చారలను గరుకు కాగితంతో తుడుద్దామని కాగితం వెతుకుతున్నాను. అప్పుడు మేనత్త పెరట్లోకి వచ్చింది. చదివే పుస్తకం పొరుగింటి పెద్దావిడకు అప్పగించినట్టుంది. చేతిలో ఖాళీ సాసరు పట్టుకుని ఉంది.

"ఇందులో సబ్బు ఏదిరా?"

నాకు అర్థం కాలేదు. "ఏ సబ్బు అత్తా?"

"మీ నాన్నకు స్నానం చేయించిన సబ్బు. చీకటి పడకముందు నేను పారే నీళ్లలో వేయాలని కిటికీలో పెట్టాను. మీ అమ్మ అన్ఫీసాను అడిగితే నీకిచ్చానంది."

బెంచీమీద సబ్బు ఉంది. ఇందాకటికన్నా చిన్నదైంది. మా ఇద్దరికీ అది కనిపిస్తూనే ఉంది. మేనత్త దాని వైపు చూసి, తర్వాత పంకా వైపు చూసి, నల్లటి చారల వైపు చూసింది. శిలువ గుర్తు వేసుకుంది.

"దీనితో రాశావా?"

"రాశాను. నాకు తెలియదు."

"నీకేం తెలుసు. మనవాళ్లెవరూ గీయని గడ్డం గీసుకుని పెళ్లికూతురిలా కూర్చుంటావు, పెద్దవాళ్లు చెప్పేది చెవికెక్కదు. పోయినవాడి సబ్బు బతికున్నవాడి వస్తువుకు తగలకూడదురా. తగిలితే ఆ వస్తువు వాడినవాడిని వెంట తీసుకుపోతుంది. మా పినతల్లి ఇంట్లో అదే జరిగింది. పోయినవాళ్ల దువ్వెన ఒకటి పెట్టెలో వేయడం మరిచారు. ఏడాది తిరక్కుండా కోడలు పోయింది."

"అత్తా, సబ్బు కాలిపోయింది కూడా. ఇక అది సబ్బే కాదు."

"నాకు పాఠం చెప్పకు. రేపు ఆ ఇంజను తిప్పేది ఎవరు?"

"నేనే."

"తిప్పవు," అంది మేనత్త. గొంతు పెరగలేదు. కీర్తన చదివే గొంతే. "ఒకడు బల్లమీద ఉన్నాడు. చాలు. కొంద్రాత్ పడవలో పెట్టండి. ఈ పంకా నీళ్లలో పారేయండి."

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. ఒక చేతిలో కత్తి అలాగే ఉంది.

"చూడలేదు వదినా," అంది. "వాడు సబ్బు అడిగాడు. చెయ్యి దానిమీద పడింది. ఇచ్చాను. ఏ సబ్బో చూడలేదు."

"నిన్నేమీ అనలేదే అన్ఫీసా."

"అనండి. కానీ తాడు కట్టనివ్వను. ఇంకొకడి పడవలో ఎక్కనివ్వను. ఆయన తనంతట తాను బయల్దేరాడు. తనంతట తానే చేరాలి." ఆ మాటలు చెప్పేటప్పుడు అమ్మ ముఖంలో ఏమీ లేదు. ఉల్లిపాయలు అయిపోయాయని చెప్పినా అలాగే చెప్పేది.

నాకు మేనత్తను చూస్తే కోపం రాలేదు. ఆమె భయపడుతున్నది నాకోసం. పిల్లలు లేని మనిషి. నేను బడికి పోయే రోజుల్లో, ఇంత చదువు చదివితే పటాల ముందు వంగడం మరిచిపోతాడని నాన్నతో పోట్లాడి, మర్నాడు నాకు మేజోళ్లు అల్లి పంపిన మనిషి.

కొంద్రాత్ బాబాయ్ వసారా మెట్లమీద కూర్చుని సుత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను చూశాను అక్కా," అన్నాడు. "పొద్దున ఆ సబ్బుతో కడిగింది నేనే కదా. గుర్తుపట్టాను. అన్ఫీసా ఇచ్చిందంటే తెలిసే ఇచ్చిందనుకున్నా. వాడి ఇంజను కదా అని."

"నోరెందుకు మూసుకున్నావు?"

"జీవితమంతా తెరిచి ఏం బావుకున్నాను? ఒక్కసారి మూద్దామనుకున్నా."

మేనత్త అతని వైపు చూడలేదు. బాబాయ్ మళ్లీ అన్నాడు, ఈసారి మెల్లగా. "అక్కా, ఆ సబ్బు ఎక్కడికి పోవాలి?"

"పారే నీళ్లలోకి."

"ఎవరి చేత్తో?"

"ఇంట్లో పెద్ద ఆడదాని చేత్తో. నా చేత్తో."

"అంతేకదా. పంకా ఎక్కడుంటుంది మరి? చెట్టుమీద కాదుగా. సబ్బు దానిమీదుంది, అది నీళ్లలోకి పోతుంది. నీ చేత్తో దించు. నువ్వు వేయాల్సిందే నువ్వు వేస్తున్నట్టు. నీళ్లు తీసుకుపోయేది తీసుకుపోతాయి. ఆ తర్వాత పిల్లవాడు తిప్పితే వాడికేమిటి?"

మేనత్త సాసరు చేతిలో అటూ ఇటూ తిప్పుతోంది. దేవుణ్ణి మోసం చేస్తున్నామా అని ఆమె ఆలోచిస్తోందని నాకు తెలుసు. లోపల పెద్దావిడ ఒక పేజీ తప్పు చదివింది. మేనత్త తల అటు తిప్పి, పెదాలతో ఆ వాక్యం సరిచేసుకుని, మళ్లీ మా వైపు తిరిగింది.

"ఆ నలుపు తుడవకు," అంది నాతో. "ఉన్నది ఉన్నట్టు ఉంచు. మిగిలిన ముక్క ఇలా ఇవ్వు."

ఇచ్చాను. సాసరులో పెట్టుకుని, తలరుమాలు బిగించుకుని రేవు వైపు వెళ్లింది.

మర్నాడు పొద్దున మంచు కాలువ మీద పరుచుకుని ఉంది. పంకాను ఇరుసుకు ఎక్కించి, నట్టు బిగించి, కొత్త పిన్ను వేశాను. పెట్టెను నలుగురు మోసుకొచ్చి పడవ మధ్యలో దించారు. పడవ నీళ్లలోకి కొంచెం కుంగింది. అమ్మ తలవైపు కూర్చుంది. ఇంజను పైకెత్తి ఉంది, రెక్కలు గాల్లో, వాటిమీద నల్లటి చారలు.

మేనత్త స్కర్టు అంచు చేత్తో పట్టుకుని పడవ వెనక్కి వచ్చింది. ఆమె జన్మలో ఇంజను ముట్టుకోలేదు. నాన్న ఇది కొన్న కొత్తలో, పొగ కంపుకొట్టే దయ్యాన్ని తెచ్చావని నెలరోజులు ఆ పడవ ఎక్కలేదట.

"ఎక్కడ పట్టుకోవాలి?"

"ఈ పిడి లాగు. లాగి, మెల్లగా వదులు. బరువు నేను పట్టుకుంటాను."

"నువ్వు ముట్టుకోకు," అంది.

పిడి లాగింది. ఇంజను బరువు ఒక్కసారి ఆమె చేతులమీద పడింది. మోకాలు వంగింది, కానీ వదల్లేదు. ప్రార్థన గొణుగుతూ, గిన్నె నీళ్లలో ముంచినట్టు నెమ్మదిగా దించింది. బొడ్డు మునిగింది, రెక్కలు మునిగాయి. నీళ్లమీద చిన్న నూనె మరక విచ్చుకుని కొట్టుకుపోయింది. ఆమె ఆ మరక పోయేదాకా చూసి, చేతులు కాలువలో కడుక్కుని, వెళ్లి అమ్మ పక్కన కూర్చుంది.

"ఊఁ, తిప్పు," అంది.

ఇంజను తిప్పే తాడు లాగాను. రెండోసారికి అంటుకుంది. గేరు వేశాను. పడవ కదిలింది.

కదిలింది కానీ మోత వేరు. రెక్కల కొసలు తగ్గాయి కదా, ఇంజను నాన్న కాలం కన్నా సన్నగా, ఎక్కువగా అరుస్తోంది. గట్టున ఆడవాళ్లు పడవ దగ్గరికి వచ్చేదాకా తల ఎత్తలేదు. మామూలుగా మలుపు అవతల ఉండగానే తెరెంతి వస్తున్నాడని గుర్తుపట్టేవాళ్లు. ఇప్పుడు చూసి, లేచి, శిలువ గుర్తు వేసుకున్నారు.

"ఆయన మోత కాదు," అంది అమ్మ.

"కాదమ్మా. కొసలు కోశాను."

"పోనీలే," అంది.

కొంద్రాత్ బాబాయ్ మా వెనకే తన పడవలో వస్తున్నాడు. ముందు భాగంలో తాడు చుట్ట పెట్టుకున్నాడు, మొన్నటి తాడే. మా ఇంజను ఆగిపోతే కట్టడానికి. అమ్మ వెనక్కి తిరిగి ఒకసారి ఆ తాడును చూసింది. తర్వాత తిరగలేదు. నేను వేగం పెంచలేదు. పెంచితే పిడిలో సన్నటి వణుకు వస్తోంది, చేతి ఎముకదాకా. ఆ వణుకు ఎక్కడ మొదలవుతుందో చూసుకుని, దానికి కొంచెం కిందనే ఉంచాను. మలుపు వచ్చింది. రాళ్లు వచ్చాయి. నీళ్లు తక్కువగా ఉండటం వల్ల అవి నల్లగా పైకి కనిపిస్తున్నాయి. వాటిలో ఒకదానిమీద తెల్లటి గీతలున్నాయి, అల్యూమినియం గీతలు. బడిలో నల్లబల్లమీద గీసినట్టున్నాయి. మేనత్త కళ్లు మూసుకుంది. అమ్మ మూయలేదు. నేను పడవను దూరంగా తిప్పి దాటించాను.

దునాయ్‌లోకి వచ్చాక ప్రవాహం ఎదురుకొట్టింది. ఒకచోట పడవ ముందుకు పోతోందా లేదా తెలియలేదు. గట్టుమీది విల్లో చెట్టొకటి చాలాసేపు మా పక్కనే ఉంది. వెనక బాబాయ్ తాడు చేతిలోకి తీసుకున్నాడు. ఒక చెయ్యి పైకెత్తి, కట్టనా అన్నట్టు నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. వణుకు వచ్చినా సరే అని కొంచెం వేగం పెంచాను. పిడి చేతిలో కొట్టుకుంది. చెట్టు మెల్లగా వెనక్కి జరిగింది. తర్వాత ఇంకో చెట్టు వచ్చింది. బాబాయ్ తాడు కింద పెట్టాడు.

చర్చి నీలి గోపురాలు రెల్లు పైన కనిపించాయి. రేవులో పాదిరిగారు, నలుగురైదుగురు గడ్డాల పెద్దలు నిలబడి ఉన్నారు. పడవ ముక్కు మట్టిలోకి దించి ఇంజను ఆపాను. ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చింది. ఎవరూ తాడు పట్టుకోలేదు. పెద్దలు నీళ్లలోకి దిగి పెట్టెను అందుకున్నారు.

తక్కినదంతా జరగవలసినట్టు జరిగింది. పాటలు పాడారు, మట్టి వేశారు, తేనె కలిపిన గోధుమలు చేతుల్లో పెట్టారు. నేనూ మట్టి వేశాను. గోధుమలు తీయగా ఉన్నాయని నాలుకకు తెలిసింది. అంతకుమించి ఏమీ తెలియలేదు. ఒకరిద్దరు నా భుజం పట్టుకుని, మీ నాన్న నీ చదువు గురించి ఎప్పుడూ చెప్పేవాడన్నారు. అవునండీ అన్నాను.

అందరికన్నా ముందు రేవుకు వచ్చి ఇంజను పైకెత్తాను. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. నల్లటి చార ఒక్కటి లేదు. నది అంతా కడిగేసింది. వేలితో తడిమాను. నేను వంపు సరిచేసిన రెక్క మొదట్లో, బొడ్డుకు అతికే చోట, గోరుకు ఏదో తగిలింది. వంగి చూశాను. వెంట్రుకంత బీట. రెక్క సగం వెడల్పుదాకా పాకింది. వేగం పెంచినప్పుడే వచ్చి ఉంటుంది. ఇంకోసారి తిప్పితే రెక్క ఊడి నదిలో పడుతుంది. తిరుగు ప్రయాణం దీనితో కాదు.

కొంద్రాత్ బాబాయ్ నా భుజంమీదుగా చూశాడు. "మోసింది కదా," అన్నాడు. "మోయాల్సింది మోసింది."

అమ్మా మేనత్తా దిగువకు వచ్చారు. ఎలా చెప్పాలో తోచక నేను పంకా వైపు చూపించాను. అమ్మ బీటను చూసింది. అమ్మ నల్ల రుమాలు బిగించుకుని, ఖాళీగా ఉన్న పడవ మధ్యభాగం వైపు చూసింది. పెట్టె ఉన్న చోట పలకలు తడిలేకుండా, పొడిగా, పెట్టె ఆకారంలో ఉన్నాయి.

"ఇప్పుడు కట్టు అన్నయ్యా," అంది బాబాయ్‌తో.

అతను తాడు కొస తీసి అమ్మ చేతికి అందించాడు. ఆమె దాన్ని మా పడవ ముక్కున ఉన్న ఇనుప కడియంలో దూర్చి, ముడివేసి, లాగి చూసింది. బాబాయ్ తన పడవలోకి ఎక్కాడు. ఆడవాళ్లిద్దరూ నాతోపాటే మా పడవలో కూర్చున్నారు.

తాడు నీళ్లలోంచి లేచి బిగిసింది. పడవ కదిలింది. ఇంజను ఆగే ఉంది. అయినా నా చెయ్యి పిడిమీదే ఉంది, తిప్పాల్సిన చోట అటూ ఇటూ తిప్పుతూ. చేతికి ఇంకా ఆ సబ్బు వాసన వస్తోంది.